డిజిటల్ పియానో కొనబోయే ముందు: మెట్ల బరువు సంగతి



క్రిస్మస్ పండుగ దాటి, కొత్త సంవత్సరం వచ్చి, పిల్లలు మళ్లీ బడిబాట పట్టేసరికి మన విచారణలలో ఒక ప్రశ్న తప్పకుండా వినబడుతుంది. "మా పాప గుడిలో పాటలకు వాయిస్తోంది. సిస్టరు గారు మెచ్చుకున్నారు. ఇంట్లో సాధన చేసుకోవడానికి ఒక పియానో కొనిద్దామనుకుంటున్నాం. ఏది కొనమంటారు?" అని పూజ ముగిశాక, గుడి వాకిట్లో నిలబెట్టి అడుగుతారు. అడిగేవారు కలవారేమీ కారు. ఒకరింట్లో తండ్రి ఆటో నడుపుతాడు. మరొకరింట్లో పెద్దమ్మ కువైట్‌లో పరాయివారి ఇంట వంట చేసి, రెండేళ్లు కూడబెట్టి పంపిన డబ్బు అది. పండుగకు చీర కొనుక్కోకుండా పంపిన డబ్బు. దానితో పొరపాటున తగని వస్తువు కొని ఇంట్లో పెట్టుకుంటే, ఆ తల్లికి ఏమని చెబుతాం?

అందుచేత ఈ వారం ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం. ఏ కంపెనీ మంచిది, ఏది చౌక అన్నది తర్వాత. ముందు తెలుసుకోవలసింది ఒకటే ఉంది. మెట్టు మీద వేలు పెట్టినప్పుడు లోపల ఏం జరుగుతుంది? హార్మోనియం నేర్చినవాళ్లం మనం మెట్లు అంటాం, దుకాణంలో కీస్ అంటారు. ఆ మెట్టు కింద దాగి ఉన్న యంత్రాంగాన్ని యాక్షన్ అంటారు. డిజిటల్ పియానోలో శబ్దం ఎంత బాగున్నా, యాక్షన్ సరిగ్గా లేకపోతే నేర్చుకునే బిడ్డకు అది పియానో కాదు.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అమ్మాయి విషయంలో చేతులు కాల్చుకుని చెబుతున్నాను. తొమ్మిదేళ్ల వయసులో దానికి 61 మెట్ల కీబోర్డు ఒకటి కొనిచ్చాను. పెట్టె మీద "టచ్ సెన్సిటివ్" అని పెద్ద అక్షరాలతో ఉంది. దుకాణదారుడు "పియానో లాంటిదే సార్, తాకిడిని బట్టి శబ్దం మారుతుంది" అన్నాడు. నిజమే, మారింది. రెండేళ్లు దాని మీదే సాధన చేసింది. తర్వాత పియానో పరీక్షకు మద్రాసు తీసుకువెళ్లాను. ఆ గదిలో ఉన్నది అసలైన పియానో. మా అమ్మాయి మొదటి వరుస వాయించింది. సగం స్వరాలు పలకనే లేదు. వేళ్లు సరైన చోటే పడ్డాయి, కానీ మెట్టు అడుగు దాకా దిగలేదు. రెండో వరుసకు భయపడి గట్టిగా కొట్టింది. అప్పుడు అన్నీ ఒకే మోతగా మోగాయి. బయటకు వచ్చి, "నాన్నా, ఆ మెట్లు బరువుగా ఉన్నాయి" అంది. తప్పు ఆ బిడ్డది కాదు, నాది.

దుకాణదారుడు చెప్పిన మాట అబద్ధం కాదు, కానీ సగమే నిజం. తాకిడిని బట్టి శబ్దం మారడం వేరు, మెట్టుకు బరువు ఉండడం వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లనే మన కుటుంబాలు ఎక్కువగా మోసపోతున్నాయి.

మన చేతికి బాగా అలవాటైన హార్మోనియంతో మొదలుపెడదాం. ఊళ్లలో ఉపదేశిగారు ఒక చేత్తో బెల్లోస్ ఊదుతూ, మరో చేత్తో మెట్లు నొక్కుతూ పాట ఎత్తుకోవడం మనం చిన్నప్పటి నుంచి చూసినదే. అందులో మెట్టు చేసేది ఒక మూత తెరవడం మాత్రమే. మూత తెరుచుకుంటే గాలి పోయి రీడు పలుకుతుంది. మెల్లగా నొక్కినా, గుద్దినా శబ్దం అంతే. పెద్దగా కావాలంటే గాలి ఎక్కువ ఊదాలి. పెద్ద దేవాలయాలలో ఉండే పైపు ఆర్గను కూడా ఈ జాతిదే. అక్కడా మెట్టు ఒక తలుపు మాత్రమే. అందుకే హార్మోనియం వాయించిన చేయి తేలికగా, మెట్లకు అంటిపెట్టుకుని జారుతూ పోతుంది. పాటకు అది అందమే.

పియానో సంగతి వేరు. ఇటలీలోని ఫ్లోరెన్సులో బార్తొలొమేయో క్రిస్టొఫోరి అనే పనివాడు 1700 ప్రాంతంలో దీన్ని తయారుచేశాడు. ఇందులో మెట్టు ఒక మీట. ముందు కొస దిగితే వెనుక కొస లేచి, ఒక చిన్న సుత్తిని తీగ మీదికి విసురుతుంది. విసురుతుంది అన్న మాట గమనించండి. సుత్తి తీగను తాకే క్షణానికి ముందే మెట్టు దాన్ని వదిలేస్తుంది. బంతి చేయి వదిలాక మనమేం చేయలేం కదా, అలాగే సుత్తి వదిలాక వేలు చేసేదేమీ లేదు. శబ్దం పెద్దదా చిన్నదా, కటువా మృదువా అన్నదంతా ఆ విసురు వేగం మీదే ఆధారపడుతుంది. ఆ వేగాన్ని వేలు అదుపు చేయాలంటే దాని కింద ఒక బరువు ఉండాలి. గాలిలో ఈకను విసరబోతే చేతికి పట్టు దొరకదు. గులకరాయి అయితే దొరుకుతుంది. పియానో మెట్టులో ఆ గులకరాయి సుత్తి.

పియానోకు 88 మెట్లు. ఎడమ చివర మంద్రస్వరాల తీగలు లావైనవి, వాటి సుత్తులు పెద్దవి. కుడివైపుకు వచ్చే కొద్దీ సుత్తులు చిన్నవవుతాయి. అందుకే ఎడమవైపు మెట్లు కాస్త బరువుగా, కుడివైపు తేలికగా ఉంటాయి. మధ్యలో ఉన్న మెట్టు మెల్లగా కిందికి దిగడానికి సుమారు 50 గ్రాముల బరువు కావాలి. మెట్టు దిగే లోతు దాదాపు ఒక సెంటీమీటరు.

డిజిటల్ పియానోలో తీగలు లేవు. మెట్టు కింద రబ్బరు తొడుగులో రెండు చిన్న విద్యుత్ స్పర్శలు ఉంటాయి. మెట్టు దిగుతూ మొదటిదాన్ని తాకుతుంది, మరికాస్త దిగి రెండోదాన్ని తాకుతుంది. ఈ రెండింటికీ మధ్య గడిచిన కాలాన్ని లోపలి యంత్రం లెక్కకడుతుంది. కాలం తక్కువైతే గట్టిగా కొట్టినట్టు, ఎక్కువైతే మెల్లగా నొక్కినట్టు. ఆ లెక్కను 1 నుంచి 127 దాకా ఒక అంకెగా మార్చి, దానికి తగిన శబ్దం వినిపిస్తుంది. ఈ అంకెల పద్ధతి 1983లో వచ్చిన మిడి అనే ఒప్పందంతో అన్ని కంపెనీలకూ ఒకటైంది. "టచ్ సెన్సిటివ్" అంటే ఇంతే. మెట్టుకు బరువు ఉన్నా లేకున్నా ఈ లెక్క జరుగుతుంది. నేను కొన్న కీబోర్డులోనూ జరిగింది.

మరి ఆ మెట్టును మళ్లీ పైకి తెచ్చేదేమిటి? ఇక్కడే తరగతులు విడిపోతాయి. మామూలు కీబోర్డులలో ఒక స్ప్రింగు. కొన్నిటిలో స్ప్రింగుకు తోడు కాస్త గట్టిదనం చేర్చి "సెమీ వెయిటెడ్" అంటారు. అసలు డిజిటల్ పియానోలో ప్రతి మెట్టుకూ ఒక చిన్న సుత్తి వంటి బరువు ఉంటుంది. అది తీగను కొట్టదు, ఊరికే లేచి పడుతుంది, అంతే. కానీ ఆ లేచి పడడమే వేలికి చదువు నేర్పుతుంది. దీన్ని "హ్యామర్ యాక్షన్" అంటారు. ఎడమ నుంచి కుడికి బరువు తగ్గుతూ వస్తే పేరుకు ముందు "గ్రేడెడ్" అనో, కేసియో వారి భాషలో "స్కేల్డ్" అనో చేరుతుంది.

పెట్టె మీద "హ్యామర్" అన్న మాట లేకపోతే అనుమానించండి. 88 మెట్లు ఉన్నంత మాత్రాన సుత్తులు ఉన్నట్టు కాదు. 88 మెట్లున్న సెమీ వెయిటెడ్ వాయిద్యాలు కూడా అమ్ముతారు. యమహా వారి పియాజెరో ఎన్‌పీ-32లో 76 మెట్లు, "గ్రేడెడ్ సాఫ్ట్ టచ్" అని పేరు. ఆ పేరులో గ్రేడెడ్ ఉంది, హ్యామర్ లేదు. అది చెడ్డ వస్తువని కాదు. ప్రయాణాలకు తేలిక. కానీ పియానో పరీక్షకు వెళ్లే బిడ్డకు అది చాలదు.

పేర్లు చదవడం కన్నా వేలితో పరీక్షించడం మేలు. దుకాణానికి వెళ్లేటప్పుడు జేబులో ఏడు 10 రూపాయల నాణేలు వేసుకు వెళ్లండి. రెండు లోహాల ఆ నాణెం ఒక్కొక్కటి సుమారు 7.7 గ్రాములు. ఆరు పెడితే 46 గ్రాములు, ఏడు పెడితే 54. మధ్యలోని తెల్ల మెట్టు ముందు అంచుకు దగ్గరగా నాణేలు ఒకదాని మీద ఒకటి మెల్లగా పేర్చండి. ఆరో ఏడో పెట్టాక మెట్టు నెమ్మదిగా దిగిందంటే, అది అసలు పియానో దరిదాపుల్లో ఉన్నట్టు. రెండు మూడింటికే దిగిపోతే తేలిక. పదింటికీ కదలకపోతే చిన్న బిడ్డ వేళ్లకు భారం. దుకాణంలో ఇలా చేస్తే నవ్వుతారేమో. నవ్వనివ్వండి, డబ్బు మనది.

అయితే నాణేల పరీక్ష ఒక్కటే నమ్ముకోకూడదు. గట్టి స్ప్రింగు కూడా ఏడు నాణేలను మోస్తుంది. స్ప్రింగును పట్టిచ్చే పరీక్ష ఇంకొకటి ఉంది. కరెంటు ఆపించండి. మెట్టును సగం దాకా నొక్కి ఆపండి, తర్వాత అడుగు దాకా నొక్కండి. కిందికి పోయే కొద్దీ తిరిగి నెట్టే బలం పెరుగుతుంటే అది స్ప్రింగు. మొదట్లోనే కాస్త బరువనిపించి, కదిలాక సాఫీగా దిగిపోతే అది సుత్తి. ఆ తర్వాత ఒకసారి చాలా మెల్లగా, ఒకసారి చురుకుగా నొక్కి చూడండి. సుత్తి ఉన్న మెట్టు మెల్లగా నొక్కితే తేలిక, చురుకుగా నొక్కితే బరువు. ఆగి ఉన్న బండిని ఒక్కసారిగా తోయబోతే మొరాయిస్తుందే, అదే గుణం. స్ప్రింగుకు ఈ తేడా దాదాపు ఉండదు. మా అమ్మాయి వేళ్లకు తెలియకుండా పోయింది ఈ గుణమే.

ఇంకొక పరీక్ష చాలామంది చేయరు. తెల్ల మెట్టును ముందు అంచు దగ్గర కాకుండా, నల్ల మెట్ల మధ్య, లోపలి చివర నొక్కి చూడండి. మన రాయలసీమ పెద్దలకు ఏతం తెలుసు. ఏతం మాను మీద మనిషి కొసకు నడిస్తే బాన ఇట్టే లేస్తుంది, ఆధారపు స్తంభానికి దగ్గరగా నిలబడితే ఎంత బరువున్నవాడైనా లేపలేడు. పియానో మెట్టు కూడా ఏతమే. పెద్ద పియానోలో మెట్టు లోపలికి చాలా పొడుగు ఉంటుంది, ఆధారం దూరంగా ఉంటుంది, కాబట్టి లోపలి చివర నొక్కినా పెద్ద తేడా ఉండదు. సన్నగా, అందంగా, బల్ల మీద పట్టేలా చేసిన డిజిటల్ పియానోలో మెట్టు పొట్టిది. లోపలి చివర నొక్కితే బిగుసుకుంటుంది. మొదటి రెండు మూడు తరగతుల పాఠాలు ఎక్కువగా తెల్ల మెట్ల మీదే నడుస్తాయి కాబట్టి ఇది బయటపడదు. పైతరగతులకు పోయి, నల్ల మెట్లు ఎక్కువ వాడే శ్రుతులలో వాయించేటప్పుడు బొటనవేలు లోపలికి పోక తప్పదు. అప్పుడు తెలుస్తుంది నొప్పి.

ఇక ఒకే స్వరాన్ని గబగబా తిరిగి తిరిగి కొట్టడం. పాత పియానోలలో మెట్టు పూర్తిగా పైకి వస్తేనే రెండోసారి పలికేది. 1821లో సెబాస్టియన్ ఎరార్ అనే ఆయన మెట్టు సగం లేచినా సుత్తి మళ్లీ సిద్ధమయ్యే ఏర్పాటు కనిపెట్టాడు. ఈనాటి గ్రాండ్ పియానోలన్నీ ఆ దారిలోనివే. డిజిటల్‌లో రెండు స్పర్శలే ఉంటే, మెట్టు పై స్పర్శను దాటి లేస్తే గాని మళ్లీ పలకదు. మూడో స్పర్శ పెడితే సగం నుంచే మళ్లీ పలుకుతుంది. మూడు సెన్సార్లు అని కాగితం మీద రాసి ఉంటే దాని అర్థం ఇదే. నేర్చుకునే మొదటి సంవత్సరంలో ఇది పెద్ద విషయం కాదు. నాలుగో అయిదో తరగతికి వెళ్లే ఉద్దేశం ఉంటే చూసుకోవలసిందే.

సరే, పేర్లకు వద్దాం. ఇవి నా వేళ్లకు తోచిన మాటలు, మీ వేళ్లు మరోలా చెప్పవచ్చు. యమహా వారి చౌక రకాలలో చాలాకాలం "గ్రేడెడ్ హ్యామర్ స్టాండర్డ్" అనే యాక్షన్ ఉండేది. పీ-45, పీ-125లలో అదే. 2023లో వచ్చిన పీ-145, పీ-225లలో దాని స్థానంలో "గ్రేడెడ్ హ్యామర్ కాంపాక్ట్" పెట్టి పెట్టెను సన్నం చేశారు. రెండింటిలోనూ రెండేసి స్పర్శలే. బరువు సమంగా తగ్గుతూ వస్తుంది, గట్టివి, పాడవడం తక్కువ. మెట్టు తిరిగి లేచే తీరు మాత్రం కాస్త మందకొడి అని నాకు అనిపిస్తుంది.

రోలాండ్ వారి ఎఫ్‌పీ-10, ఎఫ్‌పీ-30ఎక్స్ రెండింటిలోనూ ఉన్నది ఒకటే యాక్షన్, పేరు పీహెచ్‌ఏ-4 స్టాండర్డ్. మూడు స్పర్శలున్నాయి. మెట్టు మెల్లగా నొక్కితే అడుగుకు చేరబోయే ముందు ఒక చిన్న గండి దాటినట్టు తగులుతుంది. గ్రాండ్ పియానోలో సుత్తిని వదిలే క్షణంలో తగిలేది అదే. పై పూతకు దంతం వంటి గరుకుదనం ఇచ్చారు. ఇది అలంకారం కాదండోయ్! మే నెలలో తిరుపతిలో కరెంటు పోయిన మధ్యాహ్నం నున్నటి ప్లాస్టిక్ మెట్ల మీద చెమట వేళ్లతో వాయించి చూడండి, గరుకుదనం విలువ అప్పుడు తెలుస్తుంది. చౌక రకాల మధ్య యాక్షన్ ఒక్కటే చూసి తేల్చమంటే నేను ఈ కుటుంబం వైపు మొగ్గుతాను. దాని లోపం చప్పుడు. చెవికి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బిడ్డ వాయిస్తుంటే మనకు పాట వినబడదు గాని, ధడ్ ధడ్ మని మెట్ల మోత వినబడుతుంది. అపార్టుమెంటులో కింది అంతస్తువారికి కూడా వినబడుతుంది. స్టాండు కాళ్ల కింద మందపాటి చాప వేయండి.

కేసియోలో సీడీపీ-ఎస్110, పీఎక్స్-ఎస్1100 సన్నటి రకాలు. మెట్లు చేతికి హాయిగానే ఉంటాయి, కానీ ఇందాక చెప్పిన ఏతం లెక్క వీటిలో కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మన పల్లెలకు పనికొచ్చే గుణం ఒకటి వీటికుంది. ఆరు చిన్న బ్యాటరీలతో కూడా నడుస్తాయి. కవాయ్ వారి ఈఎస్120 మెట్లు మెత్తగా, చప్పుడు తక్కువగా ఉంటాయి. వాళ్లదే ఈఎస్520 అయితే యాక్షన్ ఒక మెట్టు పైది, ధరా పైదే. కోర్గ్ బీ2లోనూ సుత్తి యాక్షన్ ఉంది. ఇంకా పైకి పోతే చెక్క మెట్లు, పొడుగు మీటలు వస్తాయి. అవి మనలో ఎక్కువమంది జేబుకు అందేవి కావు, మొదటి అయిదేళ్లకు అవసరమూ లేదు.

ఇవన్నీ చెప్పాక ఒక ప్రశ్న మిగిలే ఉంది. గుడికి ఏది కొనాలి? ఎవరో దాత ముందుకు వచ్చి, "ఫాదర్, మన గాయక బృందానికి మంచి పియానో ఇస్తాను" అంటాడు. మంచి మనసే. కానీ సుత్తి యాక్షన్ ఉన్న 88 మెట్ల పియానో గుడికి తెచ్చి పెట్టి, రెండు నెలల తర్వాత ఎవరూ ముట్టకుండా గుడ్డ కప్పి ఉంచిన సంగతి నేనెరుగుదును. కారణం సులభం. మన తెలుగు పాటలలో స్వరం సాగాలి, ఊగాలి. కీబోర్డు ఎడమ పక్కన ఉండే పిచ్ బెండ్ చక్రం ఆ పని చేస్తుంది. పై డిజిటల్ పియానోలలో ఆ చక్రం లేదు. తబలా, డోలు లయలు కావాలి. యమహా పీఎస్‌ఆర్-ఐ500 వంటివి మన దేశపు పాటలను దృష్టిలో పెట్టుకునే చేసినవి, వాటిలో ఆ లయలున్నాయి. పైగా దివ్యపూజలో పాటకు ఆధారంగా సాగే ఆర్గను స్వరానికి బరువు మెట్టు సాయం కాదు, అడ్డం. ఆర్గను మెట్టు తేలికగానే ఉండాలని ఇందాకే చెప్పుకున్నాం. కాబట్టి గుడికి 61 మెట్ల కీబోర్డే చాలు. మిగిలిన డబ్బు మంచి స్పీకరుకు పెట్టమని దాతకు మెల్లగా చెప్పవచ్చు.

ఈ సందర్భంలో ఒక చరిత్ర సంగతి. పదవ భక్తినాథ పాపుగారు, అంటే పదవ పయస్, 1903 నవంబరు 22న దేవాలయ సంగీతం మీద వెలువరించిన ఆజ్ఞలో పియానోను గుడిలో వాయించరాదని పేరు పెట్టి నిషేధించారు. డోళ్లు, తాళాల వంటివాటితో పాటు. 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఇచ్చిన దైవార్చన పత్రం పైపు ఆర్గనుకు గౌరవస్థానం ఇస్తూనే, అర్చనకు తగినవైతే, ఆయా ప్రాంతాల అధికారుల సమ్మతితో, ఇతర వాయిద్యాలనూ అనుమతించింది. మన డోలక్, తబలా, కీబోర్డు ఆ తలుపులోంచే లోపలికి వచ్చాయి. మన తాతల కాలంలో గుడిలో పియానో ఎందుకు లేదంటే బీదరికం ఒక్కటే కారణం కాదన్నమాట.

అయితే పాశ్చాత్య సంగీతపు చదువు మన సీమకు కొత్తదని మాత్రం అనుకోకండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి బస చేశారు. కళాశాల ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండులో సంగీతంలో పట్టా పొందిన ఆమె. ఠాగూరు పాడిన జనగణమనకు ఆమె పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి రాసింది. ఠాగూరు దాని ఇంగ్లీషు అనువాదం చేసిందీ అక్కడే. ఆమె చదువంతా సుత్తి ఉన్న మెట్ల మీద సాగినదే. మదనపల్లె నుంచి, పలమనేరు నుంచి పియానో పరీక్షలకు పిల్లలను పంపే తల్లిదండ్రులు ఈ సంగతి వాళ్లకు చెబితే సంతోషిస్తారు.

పరీక్షల మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త. లండన్ ట్రినిటీ కాలేజీ వారి పరీక్షలలో పియానో వేరు, ఎలక్ట్రానిక్ కీబోర్డు వేరు. పాఠాలు వేరు, పుస్తకాలు వేరు. మీ బిడ్డ దేనికి చదువుతోందో ముందు గురువును అడగండి. కీబోర్డు పరీక్షకైతే లయలు, రకరకాల స్వరాలు ఉన్న కీబోర్డే కావాలి. దానికి సుత్తుల పియానో కొంటే మళ్లీ డబ్బు దండగే. నేను చేసిన తప్పు ఒకటి, దానికి తిరగేసిన తప్పు ఇది.

హార్మోనియం నుంచి వచ్చే పిల్లల గురించి కూడా చెప్పాలి. సుత్తి మెట్ల మీదికి మారిన మొదటి నెల వాళ్లు విసుక్కుంటారు. చిటికెన వేలు నొప్పి అంటారు. రోజుకు పావుగంట మించి కూర్చోబెట్టకండి. వాయిద్యంలో టచ్ అమరిక లైట్, మీడియం, హెవీ అని ఉంటుంది. లైట్‌లో పెడితే మెట్టు బరువు తగ్గదు, తక్కువ వేగానికే పెద్ద శబ్దం వస్తుంది, అంతే. బిడ్డ ఏడుస్తోందని దాన్ని లైట్‌లో పెట్టి అలాగే వదిలేస్తే, అసలు పియానో ముందు మళ్లీ అదే కథ. మీడియంలోనే ఉంచండి. మా అమ్మాయికి రెండోసారి సరైన యాక్షన్ ఉన్నది, చేతులు మారినదే, కొన్నాను. కొత్త బరువుకు వేళ్లు కుదురుకోవడానికి మూడు నెలలు పట్టింది. మెల్లగా వాయించడం నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. గట్టిగా ఎవరైనా కొడతారు. బరువు మెట్టు మీద మెల్లని స్వరం పలికించడమే కష్టం.

చేతులు మారినది కొనేటప్పుడు 88 మెట్లనూ ఒక్కొక్కటిగా, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కండి. ఏదైనా ఒక మెట్టు ఎంత మెల్లగా నొక్కినా మోతగా అరుస్తున్నా, అప్పుడప్పుడు పలకకున్నా, రబ్బరు తొడుగు కింద దుమ్ము చేరిందని అర్థం. రెండు స్పర్శలలో ఒకటి పని చేయక లెక్క తప్పుతోంది. తెలిసిన మెకానిక్కు విప్పి శుభ్రం చేయగలడు, కాబట్టి ఆ మేరకు ధర తగ్గించమనండి. మెట్లు పక్కలకు ఊగుతూ లొడలొడమంటుంటే మాత్రం వదిలేయండి. మన ప్రాంతపు దుమ్ము తెలిసిందే. వాయించగానే నూలు గుడ్డ కప్పాలి. కిటికీ పక్కన ఎండ తగిలేచోట పెట్టకూడదు. పైన పూలకుండీ, నీళ్ల గ్లాసు, పవిత్ర తీర్థం సీసా, ఏదీ పెట్టవద్దు. అడాప్టరు పోతే అదే వోల్టేజి కదా అని ఏదో ఒకటి తగిలించకండి, కంపెనీదే తెప్పించుకోండి.

చిత్తూరు వైపువారికి వేలూరు దగ్గర. తిరుపతివారు చాలామంది మద్రాసుకే వెళతారు. మౌంట్ రోడ్డులో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ ఇప్పటికీ ఉంది, ఇంకా ఇతర దుకాణాలూ ఉన్నాయి. పొద్దున రైలుకు వెళితే చూసి రావచ్చు. బిడ్డను తప్పక వెంట తీసుకువెళ్లండి. మనం నొక్కి చూస్తే మన వేళ్లకు తెలుస్తుంది గాని, వాయించేది ఆ వేళ్లు కదా. తనకు బాగా వచ్చిన పాట ఒకటి, మెల్లగా సాగేది, నాలుగు వాయిద్యాల మీద వరుసగా వాయించమనండి. స్పీకరు శబ్దం తగ్గించి వాయించమనండి. మంచి శబ్దం చెవిని మాయ చేస్తుంది. శబ్దం తగ్గితే వేలు నిజం చెబుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు గుర్తుంచుకోండి, 88 మెట్ల పియానో నాలుగు అడుగులు దాటి పొడవు ఉంటుంది. పీ-45 బరువు 11.5 కిలోలు, ఎఫ్‌పీ-30ఎక్స్ అయితే దాదాపు 15. పెట్టెతో కలిపి ఇంకా ఎక్కువ. రద్దీ రైలులో ఒక్కరు మోయలేరు. దుకాణంవారినే ఇంటికి పంపమనండి, పంపుతారు. వచ్చిన పెట్టెను, లోపలి థర్మకోలును అటక మీద దాచండి, రిపేరుకు పంపవలసి వస్తే అవే కావాలి. ఇక స్టాండు. భోజనాల బల్ల మీద పెట్టి వాయిస్తే మెట్లు మరీ ఎత్తై, బిడ్డ మోచేతులు కిందికి వేలాడతాయి. నేల నుంచి తెల్ల మెట్ల పైభాగం దాకా 72, 73 సెంటీమీటర్లు ఉండేలా స్టాండు సరిచేసి, కుర్చీ ఎత్తును బిడ్డ మోచేయి మెట్లకు సమంగా వచ్చేట్టు పెట్టండి. కాళ్లు నేలకు అందకపోతే కింద ఒక పీట వేయండి.